చల్లన వేరు, చలువ వేరు

మే నెల మధ్యాహ్నం జంషెడ్‌పూర్‌లోని మా బారిడీహ్‌లో కాకి కూడా నోరు తెరుచుకునే కూర్చుంటుంది. ఆ ఎండలో మా బావ వచ్చి ఫోనులో ఒక బొమ్మ చూపించాడు. పొడుగు కాడ ఉన్న గాజు గ్లాసు, అందులో పచ్చటి మంచుగుట్ట, నెత్తిన పుదీనా ఆకు. "సోర్బే కాక్‌టెయిల్ అంటార్రా దీన్ని. ఇంట్లో చేసేద్దాం" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఎండకు కాదు, ఆ పేరుకు.

సోర్బే అట! అది మన షరబత్తే. అరబ్బీలో తాగడమనే మాటలోంచి పుట్టి, టర్కీ మీదుగా ఇటలీకి, ఫ్రాన్సుకి వెళ్లి, గడ్డకట్టి, పేరు మార్చుకుని వచ్చింది. సిరప్పూ ఆ ఇంటి పిల్లే. షరాబూ ఆ కడుపున పుట్టిందే. ఎప్పుడో విడిపోయిన తోబుట్టువుల్ని ఒకే గ్లాసులో కూర్చోబెట్టి, ఆ పుణ్యానికి పెద్ద హోటళ్లవాళ్లు మన దగ్గర పెళ్లి ఖర్చంతా వసూలు చేస్తారు.

తిట్టుకుంటూనే ఒప్పుకున్నాను. ఒక్కటే షరతు: ఈ ఊళ్లో చేసేది ఈ ఊరి రుచిలో ఉండాలి. అంటే ఆమ్ ఝోరా. బజారు నుంచి నాలుగు పచ్చి మామిడికాయలు తెచ్చి, తొక్క నల్లగా మాడి పగిలేదాకా కాల్చాను. చల్లారాక గుజ్జు పిసికి, పంచదార, నల్ల ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి, నూరిన పుదీనా కలిపితే అర లీటరైంది. పంచదార దగ్గర పిసినారితనం పనికిరాదు. అది ఉంటేనే నీళ్లు రాయిలా బిగుసుకోకుండా చెంచాకి లొంగుతాయి. రమ్ము దగ్గర మాత్రం పిసినారితనమే కావాలి. అసలు ఆల్కహాలు గడ్డకట్టాలంటే సున్నాకి కింద 114 డిగ్రీలు దాటాలి. మన ఇంటి ఫ్రీజరు సత్తువ 18తో సరి. అర లీటరుకి ఒక లార్జ్, 60 మిల్లీలీటర్లు, అంతే. స్టీలు డబ్బాలో పోసి, ముప్పావు గంటకోసారి ఫోర్కుతో గీకుతుంటే నూకలా పొడిపొడిగా వస్తుంది.

మా నాయనమ్మ ఉంటే ఈ డబ్బాని ఇంట్లోకి రానిచ్చేది కాదు. రమ్ము మాట తర్వాత, ముందు ఐసు గురించే గొడవ. ఆవిడ శాస్త్రంలో ఐసు వేడి. బండి మీద బర్ఫ్ గోలా తిని ఎర్రటి నాలుకతో ఇంటికొస్తే, "వేడి చేసి నోరంతా పూస్తుందిరా" అని తిట్టేది. మామిడిపండు వేడి. అదే పచ్చికాయ నిప్పుల్లో కాలిస్తే చలువ. సబ్జా చలువ, మెంతులు చలువ. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ వేసి ఇక్కడివాళ్లు కలుపుకునే సత్తు (వేయించిన శనగల పిండి) నీళ్లు కూడా, మా సొంతూరు శ్రీకాకుళంలో పేరైనా వినకపోయినా, ఒక గుటక వేసి "చలువే" అని తీర్పు చెప్పేసింది. చల్లగా ఉండడం వేరు, చలువ చెయ్యడం వేరు. గ్లాసు ముట్టుకుంటే తెలిసేది మొదటిది. రాత్రి కళ్లు మండకుండా నిద్రపడితే తెలిసేది రెండోది. ఇంత తేలిక తేడా తెలియని ఫ్రీజరును నేనెప్పుడూ పూర్తిగా నమ్మలేదు.

రెండోసారి గీకడానికి డబ్బా తీస్తే గలగలమంది. నేను స్నానానికి వెళ్లిన సందులో బావ ఒక క్వార్టరు మొత్తం వంచేశాడు. "కాస్త కిక్కుండొద్దా?" అన్నాడు. 180 మిల్లీలీటర్ల కిక్కు. ఇక అది తెల్లారేదాకా ఉన్నా నూక కట్టదు. పుల్లటి పచ్చ బురదలా ఉంది.

ఆ బురద చూస్తుంటే నాకేమో తాతయ్య ఉక్కు ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి వచ్చే వేళ గుర్తొచ్చింది. పగలంతా పదిహేను వందల డిగ్రీల కరిగిన ఇనుము పక్కన నిలబడి వచ్చేవాడు. చొక్కా వీపు మీద చెమట ఎండి తెల్లటి ఉప్పు చారలు. వీధి గుమ్మంలోనే నాయనమ్మ కంచు చెంబు అందించేది. కుంపట్లో కాల్చిన మామిడికాయ, కుండ నీళ్లు, బెల్లం, ఉప్పు కాస్త ఎక్కువ. ఒంట్లోంచి పోయిన ఉప్పు మళ్లీ ఒంట్లోకే వెళ్లాలని ఆవిడకి ఏ డాక్టరూ చెప్పలేదు. తాతయ్య చెంబు ఎత్తి, పెదవులకు తగలకుండా, గొంతు కదులుతూ ఉండగా, ఊపిరి తిప్పకుండా తాగేసేవాడు. తాగి, చెంబు బోర్లించి, గుమ్మంలోనే కూలబడి కళ్లు మూసుకునేవాడు. అప్పుడిక ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. టెంకలు నావి. పెరట్లో కూర్చుని, మసి అంటిన వేళ్లతో, పీచు తెల్లబడేదాకా చీకేవాణ్ణి.