మోర్లాండ్ గుర్రపుసాల

జార్జ్ మోర్లాండ్ 1791లో ప్రదర్శించిన గుర్రపుసాల చిత్రం ముందు కూర్చుంటే పొద్దు తెలియదు. మసకలోకి గుర్రాలు వస్తున్నాయి. ఒకతను వంగి గడ్డి పోగుచేస్తున్నాడు. అంతే. అది లండన్ పక్కన, అప్పటికింకా పల్లెటూరి వాలకం పోని పాడింగ్టన్‌లో, మోర్లాండ్ ఇంటి ఎదుట ఉన్న వైట్ లయన్ పూటకూళ్ల ఇంటి సాల అంటారు. బొమ్మలో ప్రయాణికులు లేరు. వాళ్లు లోపల భోంచేస్తున్నారేమో, నిద్రపోయారేమో. వాళ్లను మోసుకొచ్చిన జీవాల అలుపు మీదే ఈ చిత్రకారుడి మనసు నిలిచింది. ఎవరిదీ కాని పూటకూళ్ల ఇల్లు అందరికీ సొంతిల్లులా ఎందుకనిపిస్తుంది? తెల్లారితే వెళ్లిపోవాలని తెలిసే, ఆ ఒక్క రాత్రిని మనసారా నమ్ముతామేమో. ఊళ్ల పూటకూళ్ల ఇళ్లను మోర్లాండ్ ప్రేమగా, పదేపదే గీశాడు. తాగుడు, అప్పులు ఆయన్ను ఇల్లిల్లూ తిప్పాయి. 1804లో, 41 ఏళ్లకు, బాకీదారులను నిర్బంధించే ఇంట్లో కన్నుమూశాడు.