పాఠం చెప్పేవారి హోదా: బందరు డైరీ

15 నవంబరు 2024, మంగినపూడి

కార్తీక పౌర్ణమి. తెలతెలవారకముందే చిలకలపూడి రోడ్డంతా ఆటోలు, ట్రాక్టర్లు. పాండురంగడికి దణ్ణం పెట్టుకుని సముద్ర స్నానానికి వచ్చే జనం. మంగినపూడి ఒడ్డున తెల్ల ఇసుక ఉండదు, నల్లమట్టి. అడుగు వేస్తే మెత్తగా దిగుతుంది. లోతు తక్కువ కాబట్టి ముసలివాళ్ళూ పిల్లలూ కూడా ధైర్యంగా దిగుతారు.

నీళ్ళ అంచున ఎన్.సి.సి. పిల్లలు తాడు పట్టుకుని వరసగా నిలబడ్డారు. వాళ్ళ వెనక ఖాకీ యూనిఫాంలో మా కాలేజీ కెమిస్ట్రీ లెక్చరరు గారు. "అమ్మా, నడుంలోతు దాటొద్దు! పిల్లాడి చెయ్యి వదలొద్దు!" అని గొంతు బొంగురుపోయేదాకా అరుస్తూనే ఉన్నారు. పలకరించడానికి దగ్గరికి వెళ్ళాను. భుజాల మీద రెండేసి ఇత్తడి నక్షత్రాలు, వాటి కింద ఎన్.సి.సి. అక్షరాలు. నక్షత్రాల మూలల్లో సన్నగా చిలుము. "బ్రాసో పెట్టి తుడుస్తూనే ఉంటానండీ. ఈ ఉప్పుగాలికి నాలుగు రోజుల్లో మళ్ళీ ఇలాగే అవుతాయి" అన్నారు.

కాలేజీ రిజిస్టరులో ఆయన అసిస్టెంట్ ప్రొఫెసరు. ఇక్కడ లెఫ్టినెంటు. ఒకే మనిషికి రెండు నిచ్చెనలు.

17 నవంబరు

ఆ రెండో నిచ్చెన గురించి రాసుకోవాలి. ఎన్.సి.సి. చట్టం 1948 నాటిది. కాలేజీలో ఎన్.సి.సి. చూసే అధ్యాపకుణ్ణి అసోసియేట్ ఎన్.సి.సి. ఆఫీసరు అంటారు. మగవాళ్ళకు కాంప్టీలో, ఆడవాళ్ళకు గ్వాలియర్‌లో ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ ఉంది. అక్కడ శిక్షణ పూర్తిచేస్తేనే కమిషన్. కాలేజీల్లో ఆర్మీ విభాగమైతే లెఫ్టినెంటు, కెప్టెను, మేజరు. నేవీ, ఎయిర్ విభాగాలకు వాటి పేర్లు వాటికి ఉన్నాయి. హైస్కూలు మాస్టర్లకు వేరే వరస: థర్డ్ ఆఫీసరు, సెకండ్ ఆఫీసరు, ఫస్ట్ ఆఫీసరు, చీఫ్ ఆఫీసరు. పై హోదాకు సర్వీసు నిండాలి, రిఫ్రెషర్ కోర్సు చెయ్యాలి. శిక్షణ పొందిన ఆఫీసరు లేని చోట కేర్‌టేకర్ అనే పేరుతో ఎవరో ఒకరు బండి లాగుతుంటారు.

ఇది సైన్యంలో ఉద్యోగం కాదు. జీతం కాలేజీదే, ఎన్.సి.సి. ఇచ్చేది గౌరవ వేతనం. అయినా మెట్లు స్పష్టంగా ఉన్నాయి. ఏం చేస్తే పైకి వెళ్తామో ముందే తెలుసు.

19 నవంబరు, నాగాయలంక

1977 ఉప్పెనకు ఇవాళ్టికి 47 ఏళ్ళు. దివిసీమలో ఈ తేదీని ఎవరూ మర్చిపోరు. స్మారక స్థూపం దగ్గర పూలు పెట్టి వస్తుంటే, ఇంటర్ చదివే కుర్రాడొకడు వెంట నడిచాడు. ఎన్.డి.ఏ. పరీక్ష రాస్తాడట. "మాస్టారూ, అక్కడ ఫిజిక్సు, మ్యాథ్సు చెప్పేవాళ్ళు కూడా మిలిటరీ వాళ్ళేనాండీ?" అని అడిగాడు.

మంచి ప్రశ్న. తెలిసినంత చెప్పాను. పుణె దగ్గర ఖడక్‌వాస్లాలోని ఎన్.డి.ఏ.లో చదువు చెప్పేవాళ్ళలో సివిలియన్ అధ్యాపకులు ఉంటారు. వాళ్ళను యు.పి.ఎస్.సి. ఎంపిక చేస్తుంది. వాళ్ళ భుజాల మీద నక్షత్రాలు ఉండవు, వాళ్ళ మెట్లు అసిస్టెంట్ ప్రొఫెసరు, అసోసియేట్ ప్రొఫెసరు, ప్రొఫెసరే. డిగ్రీ ఇచ్చేది ఢిల్లీ జె.ఎన్.యూ. కేరళలో ఎళిమల నావల్ అకాడమీలో అయితే ఎడ్యుకేషన్ బ్రాంచి ఆఫీసర్లు పాఠాలు చెబుతారు. వాళ్ళకు నౌకాదళ హోదా ఉంటుంది. మన దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలోనూ ఎడ్యుకేషన్ బ్రాంచి ఆఫీసర్లు ఉంటారు.

"అయితే క్యాడెట్ ఎవరికి ఎక్కువ భయపడతాడండీ?" అన్నాడు. భయం సంగతి కాదు బాబూ, ఎవరి పాఠం వింటాడన్నదే లెక్క అన్నాను.

24 నవంబరు

నవంబరు నాలుగో ఆదివారం, ఎన్.సి.సి. దినోత్సవం. పొద్దున రక్తదాన శిబిరం, సాయంత్రం ఊరేగింపు. మన కెమిస్ట్రీ లెఫ్టినెంటు గారు పొద్దున్నుంచీ కూర్చోలేదు.

చైనా యుద్ధం తరవాత 1963లో ఎన్.సి.సి.ని కాలేజీల్లో తప్పనిసరి చేశారు. 1968లో మళ్ళీ ఇష్టమున్నవాళ్ళకే అన్నారు. అంతకుముందు, బ్రిటిష్ వాళ్ళ కాలంలో, 1917లో యూనివర్సిటీ కోర్ ఉండేది. నూరేళ్ళుగా ఈ దేశంలో కొందరు పంతుళ్ళు ఒక చేత్తో సుద్దముక్క, ఇంకో చేత్తో డ్రిల్లు నడుపుతున్నారు.

1 డిసెంబరు

ఇక మొదటి నిచ్చెన. కాలేజీ ప్రమోషన్ల మీద యు.జి.సి. 2018 జూలై 18న ఇచ్చిన నిబంధనలు ముందేసుకుని కూర్చున్నాను. అసిస్టెంట్ ప్రొఫెసరుగా జీతాల లెవెల్ 10లో చేరిన మనిషి 11కు వెళ్ళాలంటే పీహెచ్‌డీ ఉంటే 4 ఏళ్ళు, ఎం.ఫిల్. ఉంటే 5, ఏదీ లేకపోతే 6. అక్కణ్ణుంచి 12కు 5 ఏళ్ళు. 13ఏ, అంటే అసోసియేట్ ప్రొఫెసరు, 3 ఏళ్ళు. మరో 3 ఏళ్ళకు 14, ప్రొఫెసరు.

ఏళ్ళు నిండితే చాలదు. క్లాసుల్లో 80 శాతం, ఆ పైన తీసుకుంటే 'గుడ్', 70 నుంచి 80 లోపు 'సంతృప్తికరం', 70కి తగ్గితే కాదు. మిగతా పనుల జాబితా వేరే ఉంది. పరీక్షల విధులు ఒక గీత, సెమినారు నిర్వహణ ఒక గీత. సాంస్కృతిక కార్యక్రమాలు, క్రీడలు, ఎన్.ఎస్.ఎస్., ఎన్.సి.సి., సమాజసేవ, అన్నీ కలిపి ఒక్క గీత. మూడు గీతల్లో పనిచేస్తే 'గుడ్'.

పౌర్ణమి నాడు సముద్రపు ఒడ్డున గొంతు పోగొట్టుకున్నా, పదిరోజుల క్యాంపులో పిల్లలతోపాటు నేలమీద పడుకున్నా, కాలేజీ డే నాడు నాటకం వేయించినా అదే గీత.

ఇక ప్రొఫెసరు మెట్టు దగ్గర పది ప్రచురణలు, 110 పరిశోధన పాయింట్లు. పేపరుకు సైన్సులో 8, భాషల్లో, సామాజిక శాస్త్రాల్లో 10. ఈ 110లో ఎన్.సి.సి.కి ఒక్క పాయింటూ లేదు. బాగా పాఠం చెప్పినందుకూ లేదు.

4 డిసెంబరు

నేవీ డే. సాయుధ దళాల్లో ఆఫీసరు ప్రమోషన్ల లెక్క తెలిసిన మిత్రుడొకరు ఫోనులో వివరించారు. ఎ.వి. సింగ్ కమిటీ సిఫార్సులతో 2004 డిసెంబరు నుంచి 2 ఏళ్ళకు కెప్టెన్, 6 ఏళ్ళకు మేజర్, 13 ఏళ్ళకు లెఫ్టినెంట్ కల్నల్ కాలపరిమితి మీదే వస్తాయి. నేవీలో అదే లెక్కకు లెఫ్టినెంట్, లెఫ్టినెంట్ కమాండర్, కమాండర్. ఆపైన ఎంపిక. ఎంపిక కానివాళ్ళకు 26 ఏళ్ళకు కాలపరిమితి కల్నల్ హోదా.

నాకు నచ్చింది ఏమిటంటే, ఓడ నడిపే ఆఫీసరుకూ గణితం చెప్పే ఆఫీసరుకూ ఆ మొదటి మెట్లు ఒక్కటే. పాఠం చెప్పడం కూడా సైన్యం పనే అని ఒప్పుకున్నట్టు.

12 డిసెంబరు

సైనిక అకాడమీల్లో పాఠం చెప్పేవాళ్ళ హోదా అమెరికాలో ఎలా ఉందో చూద్దామని రాత్రి ఆ దేశపు చట్టం చదివాను. వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ 1802లో పెట్టింది. అక్కడ శాశ్వత ప్రొఫెసర్లనే పదవి ఉంది. వాళ్ళ హోదా ఎవరి దయ మీదా కాదు, దేశ చట్టంలోనే రాసి ఉంది.

శాఖాధిపతి అయినవాడు, లేదా ఆరేళ్ళకు మించి శాశ్వత ప్రొఫెసరుగా పనిచేసినవాడు కల్నల్. మిగతావాళ్ళు లెఫ్టినెంట్ కల్నల్. రెగ్యులర్ సైన్యం నుంచి వచ్చినవాళ్ళ కోసం ఇంకో మాట కూడా ఉంది. వాళ్ళకు ఆరేళ్ళు నిండిన రోజు గాని, సైన్యంలోనే ఉండి ప్రమోషన్‌కు ఎంపికై ఉంటే కల్నల్ అయ్యే రోజు గాని, ఏది ముందైతే ఆ రోజే కల్నల్ హోదా.

ఈ వాక్యం దగ్గర చాలాసేపు ఆగాను. యుద్ధ విభాగం వదిలి నల్లబల్ల దగ్గరికి వచ్చిన ఆఫీసరు, తనతో చేరిన స్నేహితుల కంటే వెనకబడకూడదు. ఆ భరోసాను చట్టమే ముందుగా ఇస్తోంది. 64 ఏళ్ళ దాకా పనిచెయ్యొచ్చు. దీర్ఘకాలం, విశిష్టంగా సేవ చేసినవాళ్ళకు రిటైరయ్యేటప్పుడు బ్రిగేడియర్ జనరల్ హోదా ఇచ్చే అధికారం అధ్యక్షుడికి ఉంది.

అనాపొలిస్ నౌకాదళ అకాడమీది ఇంకో దారి. అక్కడ అధ్యాపకుల్లో ఇంచుమించు సగం మంది సివిలియన్లు. వాళ్ళ మెట్లు మామూలు విశ్వవిద్యాలయపు మెట్లే. ఒకే తరగతిలో ఒక గంట యూనిఫాం పాఠం చెబితే, తరవాతి గంట చొక్కా ప్యాంటు చెబుతుంది. రెండు దారులూ నడుస్తున్నాయి. రెండిట్లోనూ ఎవరి నిచ్చెన వారికి ఉంది.

21 డిసెంబరు, గుడివాడ

పెళ్ళిలో పాత విద్యార్థిని కనిపించింది. ఇప్పుడు ఇంకో ఊళ్ళో కాలేజీ లెక్చరరు, గ్వాలియర్‌లో శిక్షణ అయి వచ్చిన ఎన్.సి.సి. ఆఫీసరు. "చంటిదాన్ని అమ్మ దగ్గర వదిలి వెళ్ళాను మాస్టారూ. తిరిగొచ్చాక ప్రమోషన్ ఫైల్లో ఆ కాగితం పెడితే, ఇది రీసెర్చి కాదు కదమ్మా అన్నారు" అంది. కళ్ళలో నీళ్ళు లేవు గాని మాటలో ఉన్నాయి.

వాళ్ళ కాలేజీ క్యాడెట్ ఒకమ్మాయి ఎన్.డి.ఏ.కి సిద్ధమవుతోందట. సుప్రీంకోర్టు 2021లో తలుపు తెరిచాక, 2022 ఆగస్టులో అమ్మాయిల మొదటి బ్యాచి ఖడక్‌వాస్లాలో చేరింది. ఆ తలుపు దాకా ఒక పల్లెటూరి పిల్లను నడిపించుకెళ్ళడం ఏ జర్నల్లో అచ్చవుతుంది?

29 డిసెంబరు, బందరు

హిందూ హైస్కూలు మాట వస్తే చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి గారు గుర్తుకొస్తారు. నిబంధనల లెక్కలో ఆయన హైస్కూలు తెలుగు పండితుడు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళలో విశ్వనాథ సత్యనారాయణ ఒకరు. ప్రభుత్వం ఆయన్ను ఆస్థానకవిని చేసింది 1949లో, జీవిత చరమాంకంలో.

ఈ కథ చెప్పి "గొప్ప గురువుకు హోదా ఎందుకు?" అనేవాళ్ళు ఉన్నారు. నేను ఒప్పుకోను. చెళ్ళపిళ్ళకు హోదా అక్కర్లేకపోవచ్చు. నిబంధన రాసేది మహానుభావుల కోసం కాదు, రోజూ సైకిలు మీదో బస్సులోనో వచ్చి నాలుగు క్లాసులు నిజాయితీగా చెప్పి వెళ్ళే మామూలు పంతులు కోసం. ఆయన శ్రమ లెక్కకు రాకపోతే, ఆయన కొడుకు ఆ వృత్తిలోకి రాడు.

8 జనవరి 2025

మొన్న 6వ తేదీన యు.జి.సి. కొత్త ముసాయిదా విడుదల చేసింది. పాయింట్ల లెక్క తీసేసి, ప్రమోషన్‌కు తొమ్మిది రంగాలు చూపించి కనీసం నాలుగింట్లో చెప్పుకోదగ్గ కృషి ఉండాలంటోంది. వినూత్న బోధన, భారతీయ భాషల్లో బోధన, విద్యార్థుల ప్రాజెక్టులు, సమాజసేవ ఆ తొమ్మిదిలో ఉన్నాయి. వైస్ ఛాన్సలర్ల ఎంపిక మీద రాష్ట్రాలు గట్టిగా అభ్యంతరం చెబుతున్నాయి, అది వేరే పెద్ద చర్చ. ప్రమోషన్ల భాగం మాత్రం శ్రద్ధగా చదవాల్సిందే.

సమాజసేవ అన్న మాటలో ఎన్.సి.సి. ఇమడాలి. స్పష్టంగా రాయకపోతే ఇమడదు. 'చెప్పుకోదగ్గ' అనేది ఎవరు తేలుస్తారు? కొలత లేకపోతే పాయింట్ల స్థానంలో పరిచయాలు వచ్చి కూర్చుంటాయి. పాయింట్లలో అన్యాయం ఉంది గాని, కనీసం కూడిక తీసివేత అందరికీ ఒక్కటే.

26 జనవరి

మైదానంలో జెండా వందనం. కవాతులో ముందు నడిచిన కుర్రాడు నాగాయలంక వైపు వాడే. కెమిస్ట్రీ లెఫ్టినెంటు గారికి త్వరలో మూడో నక్షత్రం వస్తుందట. కాలేజీలో ఆయన పై మెట్టు ఫైలు ఇంకా కదలలేదు.

ఇదే కాలేజీల్లో ఏ నిచ్చెనా లేనివాళ్ళూ ఉన్నారు. కాంట్రాక్టు, గెస్టు లెక్చరర్లు. యు.జి.సి. మెట్లు వాళ్ళ దాకా రావు. అవనిగడ్డ కోచింగ్ సెంటర్లలో డీఎస్సీకి చదివే వేలమంది ఎందుకు అంత కష్టపడతారో అర్థమవుతుంది. వాళ్ళు కోరేది ఒక మెట్టు, దాని మీద కాలు పెట్టే హక్కు.

9 ఫిబ్రవరి

ముసాయిదా మీద అభిప్రాయాలు పంపే గడువు ఈ నెల 28 దాకా పొడిగించారు. నేను రాయబోయేది మూడు ముక్కలు. ఒకటి, ఎన్.సి.సి., ఎన్.ఎస్.ఎస్. పనిని సమాజసేవ కింద పేరు పెట్టి చేర్చండి. కమిషన్ పొందిన అధ్యాపకుడి శిక్షణకూ సర్వీసుకూ విలువ కట్టండి. రెండు, మంచి బోధనను కొలిచే పద్ధతి రాతలో పెట్టండి, కమిటీ ఇష్టానికి వదలకండి. మూడు, వెస్ట్ పాయింట్ చట్టంలోని ఆ భరోసా మనకూ కావాలి: తరగతి గదినీ పిల్లలనూ ఎంచుకున్నందుకు ఏ అధ్యాపకుడూ తనతో చేరినవాళ్ళ కంటే వెనకబడకూడదు.

అధ్యాపక మిత్రులారా, స్టాఫ్ రూంలో గొణుక్కున్నది కాగితం మీద పెట్టండి. తెలుగులోనైనా సరే, రెండు పేరాలైనా సరే, 28లోగా పంపండి.