రెండు రబ్బరు రింగులు

సావనీరుకు ఏదన్నా రాయరా అని మిత్రుడొకడు వెంటపడితే, కవిత్వం నాకు చేతగాదన్నాను. "నీకు చేతనైందే రాయి" అన్నాడు. నాకు చేతనైనదీ, చేతగాక చెడగొట్టినదీ కూడా ఒకటే – మా ఇంటి పాత ట్రాక్టరు. కనుక దాన్ని గురించే రాస్తున్నాను.

మాది ఎడ్లపాడు. చిలకలూరిపేట నుంచి గుంటూరు వెళ్ళే రహదారి మీద, కొండవీటి కొండలు కనిపించే ఊరు. 2022 దాకా గుంటూరు జిల్లా, ఇప్పుడు పల్నాడు జిల్లా. నల్లరేగడి నేల, పత్తి, మిరప మా పంటలు. మా తాతయ్య సెకండ్ హ్యాండులో కొన్న మాసీ ఫెర్గూసన్ ఇప్పటికీ మా సేద్యానికి ఆధారం. తాతయ్య పోయాడు గానీ ఆయన ట్రాక్టరు మాత్రం నడుస్తూనే ఉంది.

దాని ఆయిలు ఫిల్టరు పాతకాలపు రకం. ఇంజను పక్కన ఇనప గిన్నె ఒకటి వేలాడుతుంటుంది. దాని మధ్య నుంచి పొడుగాటి బోల్టు. బోల్టు విప్పితే గిన్నె చేతికొస్తుంది. లోపల మడతలు మడతలుగా కాగితపు ఫిల్టరు. గిన్నె అంచు వెళ్ళి కూర్చునే గాడిలో ఒక రబ్బరు రింగు ఉంటుంది. ఫిల్టరు మార్చినప్పుడల్లా ఆ పాత రింగును పిన్నుతో పీకి, కొత్తది కూర్చోబెట్టాలి. నూనె వేడికి పాత రింగు గట్టిపడి, నల్లబడి, ఇనుములో కలిసిపోయినట్టుంటుంది. కంటికి ఆనదు. వేలితో తడిమి చూసుకోవాలి.

నేను తడమలేదు.

బి.ఎస్సీ. రెండో సంవత్సరంలో సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళాను. "సైన్సు చదువుతున్నావు గదా, ఆయిలు మార్చరా" అన్నాడు నాన్న. ఆ మాటకే పొంగిపోయాను. పాత రింగు మీదే కొత్త రింగు పెట్టి బోల్టు బిగించాను. ఇంజను స్టార్టు చేస్తే చుక్క కారలేదు. చేతులు తుడుచుకుని వచ్చి అమ్మ పెట్టిన అరిసెలు తిన్నాను.

మూడోనాడు, పత్తికట్టె పీకిన చేలో దుక్కి దున్నుతుండగా రింగు జారింది. డ్యాష్‌బోర్డు మీద ఆయిలు ప్రెషరు గేజి ఏనాడో పాడైపోయింది. టకటకమనే చప్పుడు విని డ్రైవరు బాబాయి ఇంజను ఆపేసరికి సాళ్ళ వెంట నల్లటి నూనె గీత పడి ఉంది.

"ఆయిలు చూసుకోబళ్ళా? కళ్ళెక్కడ పెట్టుకున్నావ్?" అని నాన్న అందరి ముందూ కేకలేశాడు.

"పొద్దున్నే చూశా అన్నా, నిండుగానే ఉంది" అన్నాడు బాబాయి. అంతకు మించి మాట్లాడలేదు. నేను నిక్కరు తొడిగిన నాటి నుంచీ మా బండి నడుపుతున్న మనిషి. ఆ పూట మా ఇంట్లో అన్నం తినకుండానే వెళ్ళిపోయాడు. నేను అరుగు మీద కూర్చుని అంతా వింటూ నోరు విప్పలేదు.

మర్నాడు బండిని చిలకలూరిపేట చేర్చాం. మెకానిక్కు మామయ్య గిన్నె విప్పి, వేలు పెట్టి తడిమి, ఒకదాని మీద ఒకటిగా ఉన్న రెండు రింగులనూ పీకి నా అరచేతిలో పెట్టాడు. "ఎవరు మార్చారు అల్లుడూ?" అని మెల్లగా అడిగాడు. నాన్న అవతల టీ తాగుతున్నాడు. రింగులు జేబులో వేసుకున్నాను.

క్రాంకుషాఫ్టు బేరింగుల మీద గీతలు చూస్తే క్లాసులో విన్న పాఠం గుర్తొచ్చింది. ఇంగ్లండులో 1883లో బోషాంప్ టవర్ రైలుపెట్టెల బేరింగుల మీద ప్రయోగాలు చేస్తూ, పైన ఒక రంధ్రం తొలిస్తే నూనె పైకి ఉబికి వచ్చింది. బిరడా కొడితే దాన్ని కూడా తోసేసింది. ఎందుకలా జరిగిందో 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ లెక్క కట్టి చెప్పాడు. తిరిగే షాఫ్టు తానే నూనెను సందులోకి లాక్కుని, ఆ ఒత్తిడి మీద తేలుతుందట. ఆ సందు మిల్లీమీటరులో కొన్ని నూరో వంతులు. ఆ సన్నటి పొర ఉన్నంతసేపు ఇనుము ఇనుమును తాకదు. పొర పోయిందా, క్షణాల్లో ఒరిపిడి మొదలు. పరీక్షలో ఇది రాసి మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేనే!

అమ్మ గాజులు బ్యాంకులో పెట్టి రిపేరు చేయించాల్సి వచ్చింది. ఆ రాత్రి రెండు రింగులూ నాన్న ముందు పెట్టి జరిగింది చెప్పాను. కొడతాడనుకున్నాను. ఆయన చాలాసేపు వాటినే చూసి, "పొద్దున్నే వాడింటికి పోదాం పద. కేకలేసింది నేను గదా, నేనూ వస్తా" అన్నాడు.

బాబాయి మంచం వాల్చి కూర్చోమన్నాడు. విషయం చెప్తే నవ్వాడు. "నువ్వు మార్చింది నేను చూశాగా అబ్బాయ్. చదువుకునే పిల్లోడివి, నీ మీద చెప్పడం ఎందుకులే అనుకున్నా." ఆ మాట నన్ను దెబ్బకన్నా ఎక్కువ బాధించింది.

రిపేరుతోపాటు మామయ్య ఒక మార్పు చేశాడు. గిన్నె తీసేసి, దాని చోట అడాప్టరు బిగించి, ఇప్పటి బండ్లకు వచ్చే డబ్బా ఫిల్టరు పెట్టాడు. మరతో చేతితో తిప్పి ఎక్కించడమే. రబ్బరు రింగు డబ్బాకే ఉంటుంది. లోపల రబ్బరు వాల్వు ఉన్న రకం ఎంచుకున్నాడు. ఇంజను ఆపాక ఫిల్టరులోని నూనె వెనక్కి జారిపోదు, స్టార్టు చేయగానే బేరింగులకు అందుతుంది. 1962లో వచ్చిన ఎం.జి.బి. స్పోర్ట్సు కారు తొలి రోజుల్లో కూడా మా బండి లాగే గిన్నె ఫిల్టరే ఉండేది. ఆ కార్లను ముద్దుగా దాచుకునేవాళ్ళు సైతం ఇదే మార్పు చేసుకుంటారని చదివి ముచ్చటపడ్డాను. షోకు కారుకైనా దుక్కి ట్రాక్టరుకైనా నూనె న్యాయం ఒకటే. కొత్త ప్రెషరు గేజి మాత్రం నేను ట్యూషన్లు చెప్పిన డబ్బుతో కొన్నాను.

డబ్బా ఎక్కించబోతుంటే మామయ్య నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఆగు అల్లుడూ. పాత డబ్బా విప్పినప్పుడు దాని రింగు ఒక్కోసారి ఇంజనుకే అంటుకుపోద్ది. కొత్త రకమైనా వేలు పెట్టి చూసుకోవాల్సిందే."

మొన్న వేసవిలో మళ్ళీ ఆయిలు మార్చాను. బాబాయి పక్కనే నిలబడ్డాడు. నేను వేలితో చుట్టూ తడిమాను. తరువాత ఆయన్ని కూడా ఒకసారి తడిమి చూడమన్నాను.