టెర్మినల్ ఖామోష్ అయితే

కంప్యూటర్లో టెర్మినల్ అనే నల్లటి కిటికీ ఒకటుంటుంది. బొమ్మల మీద నొక్కకుండా, కమాండ్లు టైపు చేసి పని చేయించుకునే చోటు అది. మన ఇళ్లల్లో ఇంజనీరింగ్ చదివే పిల్లలకు బాగా ఎరుకే. అక్కడ వెనక్కి చెరపడానికి ఏమీ లేకపోయినా చెరిపే మీట నొక్కితే చిన్న ఆవాజ్ ఒకటి వస్తుంది. దాన్నే బెల్లు అంటారు. చాలామందికి అది చిరాకు. మా ఖాలా కొడుక్కి మాత్రం రోజీరోటీ.

వాడికి చూపు చాలా తక్కువ. చిన్నప్పుడు రేచీకటితో మొదలై, ఇప్పుడు వెలుతురూ నీడా తెలుస్తాయి, అంతే. తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఓర్కా సాయంతో ఇంట్లో కూర్చునే పని చేస్తాడు. స్కాన్ చేసిన పాత కితాబుల పేజీలను టెక్స్టుగా మార్చి ఇస్తాడు. ఒక్కో కితాబుకు చాలాసేపు పడుతుంది. అందుకని కమాండ్ చివర బెల్లు మోగించే ముక్క ఒకటి చేర్చుకున్నాడు. ఆ పని నడుస్తుంటే వజూ చేసుకుంటాడు, నమాజ్ చదువుకుంటాడు, ఖాలాజాన్‌కు వంటింట్లో చేయి సాయం చేస్తాడు. బెల్లు మోగితే వచ్చి కూర్చుంటాడు.

ఈమధ్య ఎవరో వాడి వదిలేసిన కంప్యూటర్ ఒకటి కొన్నాడు. అందులో ఉబుంటు ఉంది. ఖిరాత్ వినిపిస్తోంది, ఓర్కా మాట్లాడుతోంది, బెల్లు మాత్రం ఖామోష్. పది నిమిషాలకోసారి వచ్చి చివరి లైను చదివించుకోవాల్సి వస్తోంది. "నమాజ్‌లో నిలబడ్డా దిల్ మిషన్ దగ్గరే ఉంటోంది భాయ్" అన్నాడు. ఆ మాట నన్ను కదిలించింది. ఆదివారం వెళ్లి కూర్చున్నాను.

ఈ బెల్లు కథ పాతది. 1963లో వచ్చిన ఆస్కీ పట్టికలో 7వ నంబరు దీనిదే. కాగితం మీద పడే అక్షరం కాదిది. అప్పటి టెలిటైప్ మిషన్లలో నిజం గంటే ఉండేది. ఈ నంబరు తీగ మీదుగా చేరితే అక్కడ గంట కొట్టుకునేది, మనిషిని పిలిచేది. ఇప్పుడు ఆ గంట లేదు, నంబరు మాత్రం మిగిలింది. దాన్ని ఆవాజ్‌గా మార్చేందుకు మధ్యలో చాలా చేతులు పని చేయాలి. అజాన్ లాగే అనుకోండి. మోజన్ గొంతు, మైకు, యాంప్లిఫయర్, వైరు, మీనార్ మీది హారన్. ఏ ఒక్కటి పని చేయకపోయినా మొహల్లాకు అజాన్ వినపడదు. అలాగని మోజన్‌ను కోప్పడితే ఏం లాభం?

అందుకే వరుసగా చూశాం. ముందు ప్రింట్‌ఎఫ్ కమాండ్ రాసి, కోట్స్ మధ్యలో బ్యాక్‌స్లాష్, చిన్న 'ఏ' పెట్టి ఎంటర్ కొట్టాం. ఇది నేరుగా 7వ నంబరును పంపుతుంది. ఆవాజ్ రాలేదు. తర్వాత టెర్మినల్ ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్లి చూస్తే, టెర్మినల్ బెల్ పక్కన టిక్ ఉంది. ఆపైన సౌండ్ సెట్టింగ్స్ తెరిచాం. అసలు వాల్యూమ్ నిండుగానే ఉంది, సిస్టమ్ సౌండ్స్‌ది మాత్రం సున్నా. ఈ రెండూ వేర్వేరు. అందుకే ఖిరాత్ వినిపించినా బెల్లు రాలేదు. దాన్ని పెంచి మళ్లీ ప్రయత్నిస్తే టంగ్‌మని మోగింది. వాడి మొహం చూడాలి మీరు!

ఇంకో నుక్స్ మిగిలింది. ఖాళీ లైనులో చెరిపే మీట నొక్కితే మాత్రం ఇంకా ఖామోషే. అంటే దారి బాగుంది, పంపేవాడే పంపడం లేదన్నమాట. ఈటీసీ ఫోల్డర్లోని ఇన్‌పుట్‌ఆర్‌సీ ఫైలు తెరిస్తే, బెల్‌స్టైల్ నన్ అనే లైను అమల్లో ఉంది. మామూలుగా ఆ లైను ముందు హాష్ గుర్తు ఉండి, పని చేయకుండా ఉంటుంది. పాత యజమాని ఆ గుర్తు తీసేశాడు కాబోలు. మళ్లీ పెట్టి, కొత్త టెర్మినల్ తెరిస్తే అదీ మోగింది.

ఉబుంటులో ఇంకో ఫైలుంది. కంప్యూటర్ డబ్బాలోని పాత బుల్లి స్పీకరును వాడొద్దని అందులో రాసి ఉంటుంది. ఆ ఆవాజ్ వికారంగా ఉండి అందరికీ తలనొప్పి తెస్తుందనీ, ఆ పని పల్స్‌ఆడియో చూసుకోవాలనీ పక్కనే కారణం కూడా ఉంటుంది. వాడికి చదివి వినిపిస్తే నవ్వాడు. "అందరికీ అంటే, నేను లేనా భాయ్ అందులో?"

ఎవరిదీ దుర్మార్గం కాదు. చూపున్న మనిషికి ఆ ఆవాజ్ అక్కర్లేదు, ఆపేసుకున్నాడు. చెవులు వినపడని వాళ్ల కోసం బెల్లుకు బదులు తెరను మెరిపించే సెట్టింగ్ ఉంది, ఎంత మంచి పని! కానీ అదే మెరుపు మావాడికి ఎందుకు? ఒకరి తకలీఫ్ ఇంకొకరికి సహారా. ఇంట్లో నలుగురూ వాడే కంప్యూటర్ అయితే, ఏ ఆవాజ్‌నైనా బంద్ చేసే ముందు ఒక్కమాట అడగండి. దాని కోసం ఎదురుచూసే మనిషి పక్కగదిలోనే ఉండొచ్చు.