ఎల్లారెడ్డిలో లంకెబిందెల వేట

కామారెడ్డి స్టేషనులో రైలు దిగేసరికి పొద్దు బారెడెక్కింది. సికింద్రాబాదు నుంచి మన్మాడు పోయే దారిలో ఉన్న ఊరు ఇది. బెల్లం వ్యాపారానికి పేరు మోసింది. 2016 అక్టోబరు దాకా నిజామాబాదు జిల్లాలో ఉండి, అప్పటినుంచి తానే జిల్లా కేంద్రమైంది. ఒక చాయ తాగి ఎల్లారెడ్డి బస్సెక్కాను. దారిలో లింగంపేట. అక్కడి నాగన్న బావి చూడకుండా పోవడం పాపం. మెట్ల మీద మెట్లుగా పాతాళానికి దిగుతున్నట్టుండే రాతిబావి. ఏళ్ల తరబడి చెత్తతో పూడుకుపోయి ఉండగా ఇటీవలే బాగుచేశారు. అక్కడొక అరగంట గడిపి, మరో బస్సు పట్టుకుని మధ్యాహ్న భోజనం వేళకు అక్కయ్య ఇల్లు చేరాను.

"వచ్చినవా తమ్మీ! నీ అల్లుడు నిన్నటిసంది నీకోసమే ఎదురుచూస్తుండు" అంది అక్కయ్య. "నీ మీద ప్రేమ అనుకునేవు! పొలంల లంకెబిందెలు ఎతకనీకె ఓ మనిషి తక్కువైండట!"

సంగతేమంటే, మా మేనల్లుడు, అతని స్నేహితులు ముగ్గురూ కలిసి డబ్బు పోగుచేసి, లోహాలను కనిపెట్టే యంత్రం ఒకటి కొన్నారు. ఒక సంఘం కూడా పెట్టుకున్నారు. సంఘానికి పేరింకా కుదరలేదు. అధ్యక్షుడు మాత్రం కుదిరాడు. మావాడే!

యంత్రం చూడటానికి పొడుగు కర్రకు అన్నం పళ్లెం తగిలించినట్టుంటుంది. ఆ పళ్లెంలో తీగచుట్ట ఉంది. దానిలో విద్యుత్తు అటూ ఇటూ పారుతుంటే చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది. నేలలో లోహముంటే దానిలోనూ చిన్న విద్యుత్తు సుడులు లేస్తాయి. ఆ అలజడిని యంత్రం పసిగట్టి 'కుయ్' మంటుంది. మట్టికుండకు పలకదు, రాతిబొమ్మకు పలకదు. బంగారానికి పలుకుతుంది, సోడా మూతకూ పలుకుతుంది. లోహాల తేడా చూపే ముల్లు ఉన్నా, తవ్వి చూస్తే తప్ప నిజం తెలియదు.

మర్నాడు చల్లటి పూట మా బావ సొంత చెలకకు బయలుదేరాం. బావ బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాడు. "నా చెలకల, నేను సూస్తుంగ, జానెడు లోతుకు మించి తవ్వొద్దు. కుండగాని ఇటుకగాని అగుపడితే చెయ్యి తియ్యాలె" అని ముందే షరతు పెట్టాడు.

రెండు గంటల్లో దొరికిన నిధులు ఇవి: సోడా మూతలు పదకొండు, విరిగిన నాగలి కర్రు ఒకటి, ఎద్దు నాడాలు రెండు, నడుమ చిల్లున్న నిజాం కాలపు రాగి పైసా ఒకటి. ఆ పైసా దొరికినప్పుడు పిల్లలు వేసిన కేకకు పక్క చెలకలోని కొంగలు లేచిపోయాయి.

తర్వాత చెలక మూల మీదికి పోగానే యంత్రం ఆగకుండా మొత్తుకోవడం మొదలుపెట్టింది. ఎటు తిప్పినా కుయ్యే! అల్లుడి మొహం వెలిగిపోయింది. తీరా తీసి చూస్తే నల్లగా, బరువుగా, బొక్కలు బొక్కలుగా ఉన్న రాళ్లు. పక్క చెలక ముసలాయన గట్టు మీద నిలబడి నవ్వాడు. "గది చిట్టెం బిడ్డా! గా మూలన ఎంత తోడినా గదే ఎల్తది."

పిల్లలు దాన్ని విసిరేయబోయారు. బావ చేయి పట్టుకుని ఆపాడు.

"ఇనుపరాయిని కొలిమిల కరిగిస్తే మిగిలేది చిట్టెం. అంటే ఒకప్పుడు ఈడ గాని, ఈ దగ్గర్ల గాని కొలిమి మండిందన్నట్టు. మన పాత జిల్లా కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేటోళ్లు. పేరుమోసిన డమాస్కస్ కత్తులకు ఇసొంటి ఉక్కే వాడిన్రు. 2010ల ఇంగ్లండు ఎక్సిటర్ యూనివర్సిటీ వాళ్లు, బెంగుళూరు పండితులు కలిసి ఉత్తర తెలంగాణ ఊర్లల్ల తిరిగి ఈ చిట్టెం కుప్పలనే లెక్క రాసుకున్నరు. ఈ యంత్రం ఇయ్యాల పలికిన వాటిల్ల అన్నిటికన్న పాతది ఇదే కావొచ్చు. మీరేమో గట్టవతల పారేస్తున్నరు!"

ముసలాయన గట్టు మీద కూర్చున్నాడు. చుట్ట వెలిగించి ఆయనే ఎత్తుకున్నాడు మాట.

"మా నాయన బాయి లోతు చేసేటప్పుడు ఓ కుండ ఎల్లింది సారూ. లోపట గోరంత గోరంత బిళ్లలు. బంగారం గాదు, ఎండి గాదు, సీసం. ఒక దిక్కు ఏనుగు బొమ్మ ఉంటుండె. పోలీసులు పట్టుకపోతరని ఎవలికీ చెప్పలే. అన్నీ కరిగించి మంజీరల చాపల వలకు గుండ్లు పోసుకున్నం."

బావ చాలాసేపు మాట్లాడలేదు. ఏనుగు బొమ్మ గల సీసపు నాణేలు శాతవాహనులు వేయించేవారు. ఆ కుండ వారిదే అయితే రెండువేల ఏళ్ల కిందటి సొమ్ము. అవునో కాదో ఇప్పుడు బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.

ఇలాంటి బిళ్లలే గోదావరి ఒడ్డున కోటిలింగాలలో దొరికేవి. అది అప్పటి కరీంనగరు, ఇప్పటి జగిత్యాల జిల్లా. వాటిని ఏరినవాడు ఏ పెద్ద ఆఫీసరూ కాదు. సంగనభట్ల నరహరిశర్మ అనే పోస్టుమాస్టరు. యంత్రమూ గింత్రమూ ఏమీ లేదు. నేల మీద బయటపడిన నాణేలను సేకరించి పురావస్తు శాఖలోని పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారికి అందజేశాడు. శాస్త్రిగారు చదివి చూస్తే వాటిలో శాతవాహన వంశపు తొలి రాజని పురాణాలు చెప్పే శ్రీముఖుని పేరు ఉంది. అంతకు ముందు ఏలిన గోబద, నారన, కంవాయ, సమగోప అనే రాజుల పేర్లూ ఉన్నాయి. ఆ రాజుల పేర్లు చరిత్రలో లేనే లేవు, చిల్లర నాణేల మీద తప్ప! ఆ తర్వాత అక్కడ తవ్వకాలు జరిగి పాత పట్టణమే బయటపడింది. ఇదే గోరంత బిళ్ల ఒకచోట చరిత్ర అయింది, ఒకచోట చేపల వలకు గుండు అయింది. నడుమ ఉన్న తేడా ఒక్క భయం.

ఆ భయానికి కారణం చట్టం తెలియకపోవడం. 1878 నాటి నిధి చట్టం ప్రకారం నేలలో దాగిన సొత్తు పది రూపాయలకు మించినది దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఆయన ప్రకటన వేసి, హక్కుదారులెవరైనా ఉంటే రమ్మంటాడు. ఎవరూ రాకపోతే, వేరే ఒప్పందం లేనప్పుడు, దొరికించుకున్నవాడికి ముప్పాతిక, నేల సొంతదారుకు పాతిక. సర్కారు తానే ఉంచుకోదలిస్తే లోహపు విలువకు అయిదోవంతు కలిపి చెల్లించాలి. దాచిపెడితే మాత్రం వాటా పోవడమే కాదు, ఏడాది దాకా జైలు. చెప్పినవాడికి వాటా, చెప్పనివాడికి శిక్ష. మన ఊళ్లలో దీన్ని తలకిందులుగా అనుకుంటారు! 2021 ఏప్రిల్‌లో జనగామ దగ్గర పెంబర్తిలో నేల చదును చేస్తుంటే బంగారు, వెండి నగలున్న బిందె బయటపడింది. ఆ సంగతి అధికారులకు చేరబట్టే అందులో ఏమున్నదీ లోకానికి తెలిసింది.

ఇంటికి తిరిగి వస్తుంటే అల్లుడు నా పక్కకు చేరి మెల్లగా అన్నాడు: "మామా, ఊరవతల పాడుబడ్డ గుడి ఉంది. నంది కింద ఏదో ఉందంటరు. రాత్రి పోదామా?"

వాడి గొంతు తగ్గించినా బావ చెవి తగ్గలేదు. "పోయి చూసిరా! నందిని ఎవరో అదివరకే పెకిలించి రెండు ముక్కలు చేసి పోయిన్రు. కింద మన్ను తప్ప ఏం లేదు" అన్నాడు. బావ అంత కోపంగా మాట్లాడటం నేనెన్నడూ వినలేదు. గుప్తనిధుల పిచ్చితో గుళ్లు తవ్వి, విగ్రహాలు పగలగొట్టే వార్తలు మనం పత్రికల్లో తరచూ చదువుతూనే ఉన్నాం. రక్షిత కట్టడాల దగ్గర అనుమతి లేకుండా గుంట తీయడం నేరం. అనుమతి మాట అటుంచి, పగిలిన నంది మళ్లీ అతకదు.

భోజనాల దగ్గర అల్లుడు అలిగి కూర్చున్నాడు. "ఇంగ్లండుల ఇసొంటి సంఘాలు మస్తున్నయి కద మామా!" అన్నాడు.

ఉన్నాయి. 2009 జులైలో టెర్రీ హెర్బర్ట్ అనే ఆయన స్టాఫర్డ్‌షైరులో ఒక రైతు పొలంలో ఇటువంటి యంత్రంతోనే వెతుకుతుంటే ఆంగ్లో-సాక్సన్ కాలపు బంగారం తగిలింది. లెక్కిస్తే నాలుగు వేలకు పైగా ముక్కలు. కాని ఆయన వాటిని అమ్ముకోలేదు, అధికారులకు చెప్పాడు. పురావస్తువారు వచ్చి మిగతాది పద్ధతిగా తీశారు. ధర 32 లక్షల 85 వేల పౌన్లుగా కట్టి, ఆయనకూ పొలం రైతుకూ పంచారు. మామూలు జనానికి దొరికిన చిన్నచిన్న వస్తువులను కూడా నమోదు చేసే ఏర్పాటు ఆ దేశంలో 1997 నుంచీ ఉంది. మన దగ్గర అటువంటి ఏర్పాటు కన్నా ముందు యంత్రం వచ్చిపడింది. అదీ చిక్కు.

పైగా యంత్రానికి పలకని సంపద ఎంతో ఉంది. ఎల్లారెడ్డి పక్కనే నాగిరెడ్డిపేట మండలం మాల్తుమ్మెదలో బండల మీద తొలినాటి బ్రాహ్మీ అక్షరాలు ఆసక్తిగలవారి కంటబడ్డాయి. రెండువేల ఏళ్లు దాటిన రాత! ఆ బండ మీద యంత్రం ఎన్నిమార్లు తిప్పినా కుయ్ అనదు. దానికి కళ్లు కావాలి.

ఆ సాయంత్రం ముసలాయన మా ఇంటికి వచ్చాడు. రుమాలు ముడి విప్పి ఒక సీసపు గుండు తీసి అరుగు మీద పెట్టాడు. "ఒక్కటే మిగిలింది సారూ. చూస్తరేమోనని తెచ్చిన." గుండ్రంగా, నున్నగా ఉంది. ఏనుగు లేదు, అక్షరం లేదు. అల్లుడు యంత్రం తెచ్చి దాని మీద తిప్పాడు. కుయ్ మంది. సోడా మూతకు ఎట్లా అన్నదో అట్లాగే.

వాడు చాలాసేపు ఆ గుండును అరచేతిలో పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత ముసలాయనను అడిగాడు: "తాతా, ఆ కుండ బాయిల ఏ దిక్కున ఎల్లింది? ఎంత లోతుల?"

"తూర్పు దిక్కు. ఇద్దరు మనుషుల లోతు."

వాడు లోపలికి పోయి కొత్త నోటుబుక్కు తెచ్చాడు. మొదటి పుటలో బావి బొమ్మ గీసి, తూర్పున గుర్తు పెట్టి, తాత చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడు. రెండో పుటలో చిట్టెం దొరికిన మూల, గట్టు నుంచి ఎన్ని అడుగులో రాశాడు. మర్నాడు నేను బస్సెక్కేటప్పుడు సాగనంపడానికి వచ్చాడు. యంత్రం తేలేదు. చంకలో నోటుబుక్కు మాత్రం ఉంది.