దీపావళి ముందు శనివారం

సరోజినీ నగర్ మార్కెట్లో బేరానికి ఒక లెక్కుంది. అమ్మేవాడు ఆరు వందలంటే మీరు రెండు వందల దగ్గర మొదలుపెట్టాలి. అతడు గుండెమీద చెయ్యేసుకుంటాడు. మీరు నడుస్తూ పోవాలి, వెనక్కి తిరిగి చూడకూడదు. అయిదో అడుగుకి పిలుపు వస్తుంది. విదేశీ కంపెనీల కోసం కుట్టి, ఎక్కడో ఒక కుట్టు తప్పిందనో, ఆర్డర్ కంటే ఎక్కువయ్యాయనో మిగిలిపోయిన చొక్కాలు, గౌన్లు ఇక్కడికి చేరతాయి. చాలావాటికి మెడ దగ్గర లేబుల్ సగం కత్తిరించి ఉంటుంది. ఢిల్లీలో చదువుకున్న ఆడపిల్లల్లో ఈ సగం లేబుళ్ల బట్టలు తొడగని వాళ్లు తక్కువ. ఎం.ఏ. రోజుల్లో మా నలుగురి స్కాలర్‌షిప్ డబ్బుల్లో మెస్ బిల్లు పోగా మిగిలిందంతా ఇక్కడే పోశాం.

హాస్టల్లో మమ్మల్ని పేర్లతో పిలిచినవాళ్లు లేరు. తెలుగువాళ్లం ఒకరినొకరం ఊళ్ల పేర్లతో పిలుచుకునేవాళ్లం, అదే అందరికీ అలవాటైంది. గుంటూరు ఇప్పుడు బ్యాంకు అధికారి. కరీంనగర్ హైకోర్టులో లాయరు. నెల్లూరు ఒక పరిశోధన సంస్థలో ఆర్థికవేత్త. నేను రాజమండ్రి. ముప్పయ్యేళ్లు దాటాక నలుగురికీ ఒకేరోజు తీరిక దొరకడం గగనమైపోయింది. అందుకే 2024 దీపావళికి ముందు శనివారం, అక్టోబర్ 26, దొరికేసరికి రోజంతా నింపేశాం. పొద్దున సరోజినీ నగర్, మధ్యాహ్నం దిల్లీ హాట్, సాయంత్రం ద్వారకలో గుంటూరు కూతురి పుట్టినరోజు, రాత్రి జనక్‌పురిలో కరీంనగర్ సీనియర్ లాయరు ఇంట్లో పేకాట పార్టీ. పార్లమెంటు సమావేశాల ఎజెండా కూడా ఇంత పకడ్బందీగా ఉండదని నేనంటే, ‘‘వాయిదాలు కూడా ఉండవు’’ అని హెచ్చరించింది గుంటూరు.

ఇదంతా బయటి పట్టిక. అసలు పని వేరే ఉంది. కార్తీకంలో నెల్లూరు చెల్లెలి పెళ్లి. దానికి నెల్లూరు చీర కొనాలి.

నెల్లూరు భర్త 2021 మే నెలలో కరోనా రెండో వేవ్‌లో పోయాడు. ఆక్సిజన్ సిలిండర్ కోసం మేం నలుగురం నాలుగు ఫోన్లు పట్టుకుని కూర్చున్న వారం అది. అప్పుడు కొడుక్కి అయిదేళ్లు. తర్వాత ఆమె ఉద్యోగం మానలేదు, ఇల్లు మారలేదు, ఎవరి ముందూ ఏడవలేదు. ఒక్క మార్పు మాత్రం మేం ఆలస్యంగా గమనించాం. లేత బూడిద, లేత నీలం, గంధం, నలుపు - బట్టలన్నీ ఈ నాలుగు రంగుల్లోకి వచ్చి ఆగిపోయాయి. జరీ అంచు అసలే లేదు. ఎవరూ కట్టొద్దని చెప్పలేదు. ఆమె పనిచేసే చోట ఎవరూ పట్టించుకోరు కూడా. అయినా ఆగిపోయాయి.

ఇప్పుడు ఊరి నుంచి పెద్దమ్మ ఫోన్ చేసింది. ‘‘మంచి లేత రంగు చీర తెచ్చుకో అమ్మా. నలుగు పెట్టేటప్పుడు కాస్త పక్కనే ఉండు, చాలు’’ అంది. ‘పక్కనే’ అన్న మాటకు అర్థం తెలుగింట్లో పుట్టిన వాళ్లకు చెప్పనక్కర్లేదు. చెల్లెలేమో మొదటి నలుగు అక్కే పెట్టాలని పట్టుబట్టి కూర్చుంది.

పింక్ లైన్ మెట్రోలో నేనూ నెల్లూరూ కలిసి వచ్చాం. దారిలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరున్న స్టేషన్ వస్తుంది. మా ఊరి ఆడపడుచు. ఎనిమిదేళ్ల వయసులో చేసిన పెళ్లిని పెద్దయ్యాక వద్దని, 1953లో సి.డి.దేశ్‌ముఖ్‌ను పెళ్లాడిన మనిషి. స్పీకర్‌లో ఆ పేరు వినబడినప్పుడల్లా నాకు ఊరి గర్వం పొంగుతుంది. ‘‘మొదలైంది’’ అంది నెల్లూరు. ‘‘ఇంకో రెండు స్టేషన్లు దాటేలోపు వీరేశలింగం కూడా ఎక్కుతాడు.’’

పండగ ముందు శనివారం సరోజినీ నగర్‌లో నడవడమంటే జనం మనల్ని మోసుకుపోవడమే. 2005లో కూడా దీపావళి ముందు శనివారమే, అక్టోబర్ 29న, ఇక్కడ బాంబు పేలింది. అదే సాయంత్రం పహాడ్‌గంజ్‌లో, గోవింద్‌పురి దగ్గర బస్సులో కూడా పేలుళ్లు జరిగాయి. మొత్తం మీద 60 మందికి పైగా పోయారు. ఆ తారీఖు గుర్తున్నవాళ్లు కూడా సంచులు పట్టుకుని వస్తూనే ఉన్నారు. మేం రెండున్నర గంటల్లో ఆరు సంచులు నింపాం. గుంటూరు కూతురికి మూడు గౌన్లు, కరీంనగర్‌కి కోర్టుకు పనికొచ్చే తెల్ల చొక్కాలు, నాకు ఎప్పుడూ కొనేవే. నెల్లూరు కొడుక్కి జీన్సు, టీషర్టు, చలికోటు కొంది. కోటు కోసం ఇరవై నిమిషాలు బేరమాడి 900 నుంచి 350కి దింపింది. తనకోసం ఒక్క దుకాణం ముందూ ఆగలేదు.

దిల్లీ హాట్ ఒక్క స్టేషన్ దూరం. 1994లో పెట్టిన ఈ ఆవరణలో చేతిపనుల వాళ్లకు వంతులవారీగా స్టాళ్లిస్తారు. పక్షం తిరిగితే అమ్మేవాళ్లు మారిపోతారు. మా అదృష్టం కొద్దీ ఆ వారం పుట్టపాక నుంచి ఒక నేత కుటుంబం వచ్చింది. భార్యాభర్తలిద్దరూ తెలుగు వినబడగానే స్టూళ్లు జరిపి కూర్చోబెట్టారు.

కరీంనగర్ నేరుగా పైవరసలోని సిందూరం రంగు పట్టు ఇక్కత్ చీర తీయించి నెల్లూరు భుజం మీద వేసింది. లాయరు కదా, వాదన సిద్ధంగానే ఉంది. కొల్హాపూర్ జిల్లా హేర్‌వాడ్ గ్రామ పంచాయతీ 2022 మేలో బొట్టు చెరపడం, గాజులు పగలగొట్టడం లాంటివి మానెయ్యాలని తీర్మానం చేసింది. అదే నెలలో మహారాష్ట్ర ప్రభుత్వం మిగతా ఊళ్లు కూడా ఆ దారిలో నడవాలని సర్క్యులర్ ఇచ్చింది. ‘‘ఒక పల్లెటూరు చేయగలిగింది నువ్వు చేయలేవా? నువ్వు ఎర్రచీర కట్టుకుని పీటల దగ్గర నిలబడితే మీ ఊళ్లో పదిమంది ఆడవాళ్లకు ధైర్యమొస్తుందే’’ అంది.

నెల్లూరు ఆ చీరను మెల్లగా మడిచి పక్కన పెట్టింది. ‘‘పెద్దమ్మ లేతరంగు కట్టుకోమంటుంది. నువ్వు ఎర్రది కట్టుకోమంటున్నావు. ఇద్దరి కన్నూ నా చీర మీదే. నాకేం నచ్చిందో అడిగినవాళ్లు ఒక్కళ్లూ లేరు.’’

కాసేపు ఎవరం మాట్లాడలేదు. నేతన్న భార్య ఫ్లాస్క్ తీసి టీ పోసింది.

కరీంనగర్ చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. వితంతువులు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చని 1856లో చట్టం వచ్చింది. దాన్ని తెలుగునాట నిజం చెయ్యడానికి వీరేశలింగానికి మరో పాతికేళ్లు పట్టింది. 1881 డిసెంబర్ 11న మా రాజమండ్రిలో మొదటి పెళ్లి జరిపించాడు. ఆ తర్వాత కూడా వెలి, గొడవ. చట్టం చేరలేనిచోటికి ఎవరో ఒకరు ముందు నడవాల్సిందే. కానీ చీర రంగు మీద ఏ చట్టమూ లేదు, రద్దు చేయడానికి. అది పెద్దమ్మ గొంతులో ఉంటుంది, అద్దం ముందు మనిషి చేతిలో ఉంటుంది. ఆ మనిషి మూడేళ్లుగా మొగుణ్ని తలుచుకుంటూ నలుపు కట్టుకుంటోందా, ఊరికి భయపడి కట్టుకుంటోందా అన్నది పొలిటికల్ సైన్స్‌లో ఏ పేపర్ చదివినా తేలదు. బహుశా ఆమెకే రెండూ కలిసిపోయి ఉంటాయి. దాన్ని విడదీసి చూపించమని ఉద్యమం పేరుతో అడిగినా, ఆచారం పేరుతో అడిగినా అడగడం అడగడమే.

టీ తాగాక నెల్లూరు తనంతట తనే కింది వరసలో వెతకడం మొదలుపెట్టింది. తేలియా రుమాల్ పనితనంతో నేసిన చీర ఒకటి దొరికింది. ఎరుపు, నలుపు, తెలుపు గళ్లు. ఆముదపు కాయల బూడిద, నూనె కలిపిన నీళ్లలో నూలును రోజుల తరబడి నానబెట్టి పిండి ఆరబెడతారు. తర్వాతే రంగు. అందుకే కొత్తచీర దగ్గరికి తెస్తే నూనె వాసన. ఈ పనితనానికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని నేతన్న చెప్పాడు. గుర్తింపు వచ్చాక ధర పెరిగింది కానీ మగ్గం ముందు కూర్చునే కుర్రాళ్లు పెరగలేదని కూడా చెప్పాడు. చీర ఎనిమిదిన్నర వేలు. పొద్దున చలికోటు మీద 550 తగ్గించిన మనిషి ఇక్కడ ఒక్క రూపాయీ బేరమాడకుండా ఫోన్ తీసి స్కాన్ చేసింది. ‘‘ఇందులో ఎరుపుంది’’ అన్నాడు నేతన్న, జాగ్రత్తగా. ఎప్పుడు అర్థం చేసుకున్నాడో! ‘‘కనబడుతోంది బాబాయ్’’ అంది నెల్లూరు.

ద్వారకలో పుట్టినరోజు గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. ఇరవైమంది పిల్లలు, రెండు కేకులు, పగిలిన ఒక పూలకుండీ. పొద్దుటి నుంచి పిల్లల్ని కాసిన గుంటూరు భర్త మొహంలో ఎన్నికల విధులు ముగించుకొచ్చిన ఉపాధ్యాయుడి అలసట. ఎనిమిదిన్నరకు జనక్‌పురి బయల్దేరదామనుకుంటుండగా నెల్లూరు పడకగదిలోకి వెళ్లి తలుపేసుకుంది. పది నిమిషాలకు తేలియా చీరలో బయటికొచ్చింది. జాకెట్టు గుంటూరుది, వెనక నాలుగు పిన్నీసులు.

‘‘అక్కడ నేనెవరో ఎవరికీ తెలియదు. ముందు అక్కడ కట్టి చూస్తా’’ అంది.

కొడుకు వచ్చి కొంగు వాసన చూశాడు. ‘‘అమ్మా, నువ్వు తలంటుకున్నట్టున్నావు’’ అన్నాడు. అంతే, మళ్లీ బెలూన్ల దగ్గరికి పరిగెత్తాడు. కరీంనగర్ ఏమీ అనలేదు, వంగి కుచ్చెళ్లు సర్దింది.

ఉత్తరాదిలో దీపావళి ముందు పేకాడితే లక్ష్మి వస్తుందంటారు. జనక్‌పురి ఇంట్లో నేలమీద తెల్ల పరుపులేసి తీన్ పత్తీ సాగుతోంది. ఇంటావిడ నవ్వుతూ ఎదురొచ్చి ఒక్కొక్కరినీ పలకరించి, నెల్లూరును ‘‘భాయీ సాబ్ రాలేదా?’’ అని అడిగింది. ‘‘లేరండీ. 2021లో పోయారు’’ అంది నెల్లూరు. ఇంటావిడ నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. గోడకానుకుని కూర్చున్న ఆమె అత్తగారు ముక్కలు కలపడం ఆపలేదు. గులాబీరంగు సల్వార్, ముత్యాల దండ, పెదవులకు రంగు. భర్త పోయి ఇరవయ్యేళ్లు దాటిందని తర్వాత కరీంనగర్ చెప్పింది. ఆవిడ పక్కన పరుపు తట్టి, ‘‘ఇటు రా బిడ్డా, ఇక్కడ చలి తగలదు. ఎంతతో ఆడతావు?’’ అంది హిందీలో.

నెల్లూరు అయిదు వందలతో మొదలుపెట్టి పన్నెండు వందలు గెలిచింది. తర్వాత అందులో సగం పెద్దావిడకే పోగొట్టుకుంది. ఆట మధ్యలో చెల్లెలు వీడియో కాల్ చేసింది. చీర చూసి గట్టిగా ఒక కేక పెట్టింది. తర్వాత గొంతు తగ్గించి, ‘‘పెద్దమ్మ పక్కనే ఉంది. చూపించనా?’’ అంది. నెల్లూరు చేతిలో ముక్కలు అలాగే పట్టుకుని, ‘‘చూపించు’’ అంది. అవతల ఫోన్ చేతులు మారింది. పెద్దమ్మ చాలాసేపు చూసి, ‘‘నూలేనా?’’ అనడిగింది. ‘‘నూలే పెద్దమ్మా.’’ ‘‘పెళ్లికి నూలేమిటే, పట్టు దొరకలేదా ఢిల్లీలో?’’

నవంబర్లో ఫొటోలొచ్చాయి. మొదటి నలుగు పెద్దమ్మ పెట్టింది, రెండోది నెల్లూరు. అందులో ఆమె ఒంటిమీద ఉన్నది తేలియా కాదు, వాళ్లమ్మ కొన్న ఆకుపచ్చ ఉప్పాడ జాందానీ. తేలియా ఏమైందని కరీంనగర్ అడిగితే, రిసెప్షన్‌కి కట్టానని, ఆ ఫొటోలు కెమెరావాడు ఇంకా ఇవ్వలేదని జవాబొచ్చింది. గుంటూరు మాత్రం తన జాకెట్టు ఎప్పుడిస్తావని గ్రూపులో అడుగుతూనే ఉంది.