బుజ్జి నిద్రపోతోందనుకున్నాం



మీ ఇంట్లో పిల్లి ఉంటే ఈ మాట మీరూ ఒక్కసారైనా అనే ఉంటారు: “ఎప్పుడు చూసినా నిద్రే!” చక్రాయపేటలో మా బుజ్జిని చూసి నేనూ రోజూ అదే అనేదాన్ని. ఏడో తరగతి చదివే మా పాపను పొద్దున లేపుతూ “నువ్వూ పిల్లిలా తయారైనావు” అని ఇద్దర్నీ కలిపి తిట్టేదాన్ని. పిల్లి నిద్ర గురించి నాకెంత తక్కువ తెలుసో మొన్న శ్రావణంలో అర్థమైంది.

పెద్ద పిల్లి రోజుకు 12 నుంచి 16 గంటలు నిద్రపోవడం మామూలే. కూనలు, ముసలి పిల్లులు ఇంకా ఎక్కువసేపు పడుకుంటాయి. అది బద్ధకం కాదు. వేటాడి బతికే జంతువు కాబట్టి సత్తువ దాచుకుంటుంది. అందులో చాలా భాగం కోడికునుకే. కళ్ళు మూసి ఉన్నా చెవులు చప్పుడు వచ్చిన వైపు తిరుగుతుంటాయి. తెల్లవారుజామున, మునిమాపు వేళ చురుగ్గా ఉండటం దాని సహజగుణం.

బుజ్జి నాలుగింటికే తలుపు గీకేది. గోల ఆపడానికి లేచి పాలు పోసేదాన్ని. అరిస్తే పాలొస్తాయని దానికి నేర్పింది నేనే! పైగా చాలా పెద్ద పిల్లులకు పాలు అరగవు. ఇప్పుడు రాత్రి పడుకునే ముందు పాప పది నిమిషాలు తాడుముక్క లాగుతూ దాన్ని ఆడిస్తుంది, ఆ తర్వాత తిండి పెడుతుంది. ఆడి, తిని, ఒళ్ళు నాక్కుని పడుకోవడం పిల్లి పద్ధతి. తెల్లవారుజామున అరిచినా మేం లేవలేదు. మొదట గోల పెంచింది, రెండు వారాలకు మానుకుంది.

ఇక శ్రావణ శనివారం సంగతి. గండి ఆంజనేయస్వామి దర్శనానికి వచ్చిన చుట్టాలతో ఇల్లు నిండిపోయింది. బుజ్జి అటకెక్కింది. జనానికి జడిసి అక్కడే నిద్రపోతోందనుకున్నాం. ఆదివారం సాయంత్రం పాప వచ్చి, “అమ్మా, ఇది నిద్ర కాదు. రోజూ నీళ్ళ కుండ పక్కన కాళ్ళు చాపి పడుకునేది, ఇప్పుడు ముడుచుకుని కూర్చుంది. నిన్నటి నుంచి తినలేదు, ఒళ్ళు కూడా నాక్కోలేదు” అంది. చుట్టాల హడావిడిలో కసురుకున్నాను. తీరా పట్టుకుని చూస్తే ఒళ్ళు కాలుతోంది. మనం వేసుకునే జ్వరం మాత్రలో చిన్న ముక్క నీళ్ళలో కలిపి పట్టబోయాను. “డాక్టర్ని అడగకుండా వద్దమ్మా” అని పాప నా చెయ్యి పట్టుకుంది.

మరునాడు పశువుల డాక్టరు బొచ్చు పక్కకు తీసి, తోక మొదట్లో గాయం చూపించారు. మరో పిల్లి కరిచిన చోట చీము పట్టింది. శుభ్రం చేసి సూది వేశారు. మాత్ర సంగతి చెప్పాను. పారాసిటమాల్ పిల్లికి విషమని, కొంచెమైనా ప్రాణం తీయగలదని అన్నారు. నాకు చెమటలు పట్టాయి. పాప నన్ను ఒక్క మాట కూడా అనలేదు.

కాబట్టి గంటలు లెక్కపెట్టడం కంటే, మీ పిల్లి మామూలుగా ఎక్కడ, ఎలా పడుకుంటుందో గమనించండి. ఉన్నట్టుండి ఎక్కువ పడుకున్నా, రాత్రంతా తిరిగి అరుస్తున్నా, మూల దాక్కున్నా, ఒక రోజంతా తినకపోయినా వైద్యుడికి చూపించండి. సొంత వైద్యం మాత్రం వద్దు.

ఇంకో మాట. 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి, 13 దాటిన వాళ్ళకు 8 నుంచి 10 గంటలు. మా పాపకు 12 ఏళ్ళు. లెక్క వేసి చూస్తే ఏడు గంటలు కూడా దొరకడం లేదు. పిల్లి నిద్రలో తేడా ఆ పిల్ల కనిపెట్టింది, పిల్ల నిద్రలో తేడా నేను కనిపెట్టలేదు. ఇప్పుడు మా ఇంట్లో తొమ్మిదింటికి పుస్తకాలు మూతపడతాయి, నా ఫోను కూడా. బుజ్జి మళ్ళీ కుండ పక్కకు చేరింది, కాళ్ళు చాపుకుని.

— ఒక విద్యార్థిని తల్లి, చక్రాయపేట